కొత్తల్లుడి కంట్లో దుమ్ము

రోబో వచ్చిన రోజున షెడ్డులో అందరికంటే ఎక్కువ సంబరపడినది పెద్దక్కే. ఈ సంగతి ముందే చెప్పుకోవాలి. ఎందుకంటే తర్వాత జరిగినదంతా విన్నవాళ్ళు కొందరు, ఆమెకు యంత్రాలంటే గిట్టదనీ, పని పోతుందన్న భయంతో రాద్ధాంతం చేసిందనీ చెప్పుకున్నారు. అది ఉత్త మాట.

విమానానికి కొత్త రంగు వేయాలంటే ముందు పాత రంగంతా ఊడబెరకాలి. ముక్కు నుంచి తోక దాకా ఘాటైన మందు పూసి, రంగు బుడగలు కట్టి పొంగేదాకా ఆగి, ప్లాస్టిక్ పట్టీలతో గీకి, నీళ్ళు కొట్టి కడగాలి. పెద్దక్క ఆ ముఠాకు మేస్త్రి. వయసు వచ్చిన దగ్గర్నుంచీ అదే పని. రబ్బరు తొడుగులు ఎన్ని వేసుకున్నా మందు ఎక్కడో ఒకచోట దూరి చర్మాన్ని కాల్చేది. ఆమె ముంజేతుల మీద మచ్చలు చూసి కొత్తవాళ్ళు వంటింట్లో నూనె పడిందేమో అనుకునేవారు. ఇంటి ముందుగదిలో కుట్టుమిషను దగ్గర కూర్చునే ఆమె భర్త, దర్జీ, తల ఎత్తకుండానే “వచ్చావా” అనేవాడు. అడుగుల చప్పుడు విని కాదు, వాసన పట్టి.

అలాంటి మనిషికి, లేజరు వెలుగుతో రంగును పొరలు పొరలుగా కాల్చి తీసేసే మర వచ్చిందంటే సంబరం కాక మరేమిటి? పైగా దాన్ని నడపడానికి శిక్షణ పొంది వచ్చింది ఆమె సొంత ఆడపడుచు. పెద్దక్క ఆ ఇంటికి కోడలిగా వచ్చేనాటికి ఆ పిల్ల బడికి వెళ్ళడానికి మారాం చేస్తూ గుమ్మం పట్టుకుని వేలాడేది. జడలు వేసి, బలవంతాన బడికి పంపింది పెద్దక్కే. ఇప్పుడు ఆ జడల పిల్ల మెడలో కార్డు వేసుకుని, గాజు గదిలో కూర్చుని, పొడవాటి ఇనుప చేతిని విమానం వీపు మీద మెల్లగా నడిపిస్తుంటే పెద్దక్కకు కడుపు నిండిపోయింది.

ముఠావాళ్ళు ఆ రోబోకి “కొత్తల్లుడు” అని పేరు పెట్టారు. పేరు సరిగ్గా అతికింది. దానికి చలవగది కావాలి. చుట్టూ తెర కట్టాలి. దాని దారిలో ఎవరూ అడ్డం రాకూడదు. చెయ్యి అటు తిప్పినా ఇటు తిప్పినా ఎవరో ఒకరు పక్కన నిలబడి మర్యాద చేయాలి. చిలక అయితే దాని పక్కగా వెళ్ళేటప్పుడల్లా కొంగు భుజం మీదికి లాక్కునేది. చిలక అంటే ముఠాలో అందరికన్నా చిన్నది, నిద్రలో తప్ప నోరు మూయనిది. ఆ పేరు అందుకే వచ్చింది.

అయితే కొత్తల్లుడు అన్నీ తినడు. వెడల్పుగా, నున్నగా ఉన్నచోట రంగు చకచకా తీసేస్తాడు కానీ రెక్క మొదట్లో, తలుపుల అంచుల్లో, చక్రాలు ముడుచుకునే గుంటల్లో ఆ పెద్ద చెయ్యి దూరదు. అవి మనుషులే చేయాలి. చేస్తామన్నారు ముఠావాళ్ళు. కానీ పాత మందు వాడటానికి లేదని పైనుంచి ఆర్డరు వచ్చింది. మందు చుక్కలు రోబో తీగల మీద పడితే పాడవుతాయట. కాబట్టి ఇకనుంచి మందు లేకుండా, చిన్న రుద్దుడు మిషన్లకు ఉప్పుకాగితం తగిలించి పొడిగా రుద్దాలి.

పొడిగా రుద్దితే ఏమవుతుంది? దుమ్ము లేస్తుంది. పై రంగు పోయాక కింద అస్తరులా పసుపుపచ్చటి ప్రైమర్ ఉంటుంది. లోహం చెడిపోకుండా కాపాడేది అదే. లోహానికి ఎంత మేలో మనిషి ఊపిరికి అంత చేటు. డబ్బా మీద పుర్రె బొమ్మ వేసి మరీ అమ్ముతారు దాన్ని. ఆ పచ్చటి పిండి ముఠావాళ్ళ కనురెప్పల మీద, చెవుల్లో, మెడ మడతల్లో పేరుకునేది. ఇచ్చిన మాస్కులు చూస్తే, బలంగా తుమ్మితే చిరిగేలా ఉన్నాయి.

పెద్దక్క మేనేజరు దగ్గరికి వెళ్ళింది. అతన్ని అందరూ ఇస్త్రీ సారు అంటారు. షెడ్డులో ఎంత మసి ఉన్నా అతని చొక్కా మీద మడత నలగడం ఎవరూ చూడలేదు. దుమ్ము పీల్చే గొట్టాలు కావాలని, మంచి మాస్కులు కావాలని ఆమె అడిగింది. ఇస్త్రీ సారు ఎంతో మర్యాదగా కుర్చీ చూపించి, మంచినీళ్ళు తెప్పించి, కార్మికుల ఆరోగ్యమే తమకు అన్నింటికంటే ముఖ్యమని చెప్పి, ఈ ఏడాది ప్రణాళికలో గొట్టాలు లేవని, వచ్చే ఏడాది తప్పకుండా చూద్దామని పంపించేశాడు. మళ్ళీ వెళ్తే మళ్ళీ అదే మాట. మూడోసారికి మంచినీళ్ళు కూడా లేవు.

ఆ రోజు భోజనాల వేళ ఆమె గాజు గది దగ్గరికి వెళ్ళి ఆడపడుచు పక్కన నిలబడింది. కొత్తల్లుడు పని చేస్తున్నాడు. లేజరు తగిలినచోట రంగు సన్నటి పొగై లేస్తుంటే, పక్కనే ఏనుగు తొండమంత గొట్టం ఆ పొగను లేచింది లేచినట్టే గుటుక్కుమని మింగేస్తోంది. ఒక్క రేణువు బయటికి రావడం లేదు.

“ఆ తొండం దేనికే?” అని అడిగింది పెద్దక్క.

ఆడపడుచు తెర మీది అంకెల నుంచి చూపు తిప్పకుండానే జవాబు చెప్పింది. “లెన్సు కోసం వదినా. దుమ్ము పడితే పాడైపోతుంది. చాలా ఖరీదు.”

ఆ పిల్ల తల తిప్పి చూసేసరికి వదిన కనురెప్పల మీద పచ్చటి పిండి, పెదవుల మూలల్లో పచ్చటి చారలు కనిపించాయి. చెప్పిన మాట ఏమిటో అప్పుడు తన చెవిన పడ్డట్టుంది, కుర్చీలోంచి లేవబోయింది. పెద్దక్క వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది.

సాయంత్రం ఇంట్లో గిన్నెలు మామూలు కంటే గట్టిగా చప్పుడు చేశాయి. దర్జీకి విషయం అర్థం కాకపోయినా గాలివాటం అర్థమైంది. భార్యకూ చెల్లెలికీ మధ్య కూర్చుని, గుండీలు ఎంత పలచగా వస్తున్నాయో ఈ మధ్య, అని ఎవరూ అడగని కబురు చెప్పాడు. ఎవరూ అందుకోలేదు. చివరికి ఆడపడుచే అంది, తను కావాలని అనలేదని, అది మర తయారుచేసినవాళ్ళ పుస్తకంలో ఉన్న మాటేనని.

“నిన్నెందుకంటానే? నిజం చెప్పావు,” అంది పెద్దక్క. “అద్దానికి తొండం పెట్టాలని వాళ్ళకి తోచింది. మనుషులకు తోచలేదు. ఇన్నేళ్ళు మా చేతులు కాలాయి, అప్పుడు ఏ మరా రాలేదు. విమానం చర్మం మీద పట్టీ గీతలు పడుతున్నాయని విమానాల కంపెనీవాళ్ళెవరో గొడవ పెడితే మర వచ్చింది. పోనీలే, ఎలా వస్తేనేం, వచ్చింది కదా అనుకున్నా. ఇప్పుడేమో దాని తీగలు పాడవుతాయని మా చేత దుమ్ము మింగిస్తున్నారు.”

దర్జీ గుండీల సంగతి వదిలేశాడు.

కొద్ది రోజులకే చిలక మాట తగ్గింది. మొదట్లో అందరూ హాస్యమాడారు. తర్వాత ఒక పొద్దున రెక్క కింద రుద్దుతూ రుద్దుతూ మాస్కు తీసింది. మాస్కు లోపల ఎర్రగా తడిసి ఉంది. ముక్కులోంచి రక్తం. పెద్దక్క ఆ పిల్లను చెయ్యి పట్టుకుని కంపెనీ ఆసుపత్రికి తీసుకెళ్ళింది. అక్కడి డాక్టరు ముక్కులోకి చూడనైనా చూడలేదు. ఇంట్లో పావురాలు పెంచుతున్నావా అని అడిగాడు. లేదంది చిలక. సెంటు పూసుకుంటావా అన్నాడు. పెళ్ళికి పూసుకున్నానంది. అదే అయి ఉంటుందని, సెంటు మానేయమని చెప్పి, దూది పెట్టి పంపించాడు.

బయట బల్ల మీద కూర్చుని చిలక ఏడుస్తూ నవ్వింది. “అక్కా, నా పెళ్ళికి తప్ప నేను సెంటు పూసుకోలేదు. దానికి ఇప్పుడు రక్తం వచ్చిందంటావా?”

పెద్దక్కకు అరికాలి మంట నెత్తికెక్కింది. నేరుగా ఇస్త్రీ సారు గదికి వెళ్ళి, రక్తం మరకల మాస్కు అతని బల్ల మీద, కాగితాల మధ్య పెట్టింది. అతను కుర్చీ వెనక్కి జరిపాడు. మాస్కులన్నీ ప్రమాణాల ప్రకారమే కొన్నామని చెబుతూ, చేతిరుమాలు తీసి మాస్కు తాకిన కాగితాన్ని తుడిచాడు. ఆ తుడవడం చూశాక ఆమెకు ఇక మాట్లాడాలనిపించలేదు. ముఠా అంతా రుద్దుడు మిషన్లు కింద పెట్టేస్తుందని మాత్రం చెప్పింది. అలా పెడితే బయట గేటు దగ్గర పనికి నిలబడేవాళ్ళు చాలామంది ఉన్నారని అతను కూడా అంతే నెమ్మదిగా చెప్పాడు.

ఆమె అన్నంత పనీ చేసేదే. కానీ ముఠాలో అందరికీ అంత తెగువ లేదు. ఒకరికి కొడుకు చదువు, ఒకరికి మంచం పట్టిన అత్తగారు. ఆమె వాళ్ళను తప్పుపట్టలేదు. మర్నాడు అందరితోపాటు తనూ మిషను పట్టుకుంది. రుద్దుతున్నంతసేపూ పళ్ళు నూరుతూనే ఉంది.

అంతలో ఒకరోజు ఉన్నట్టుండి కొత్తల్లుడు ఆగిపోయాడు. షెడ్డంతా గగ్గోలు. ఇస్త్రీ సారు పరుగెత్తుకొచ్చాడు. అతను పరుగెత్తగలడని ముఠావాళ్ళకు తెలిసింది అప్పుడే. గాలిలో దుమ్ము ఎక్కువైంది, లెన్సు మీద పొర కట్టింది, గాలి శుభ్రపడేదాకా మరను నడపడం కుదరదు అని ఆడపడుచు రాసిచ్చింది. పైవాళ్ళకు ఫోన్లు వెళ్ళాయి. వచ్చే ఏడాది దాకా రావన్న గొట్టాలు ఆ వారం తిరక్కుండానే లారీలో దిగాయి. ప్రతి రుద్దుడు మిషనుకూ ఒక గొట్టం. పచ్చటి పిండి లేవడమే ఆలస్యం, సర్రుమని లోపలికి పోతోంది. ముఠావాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. అవి ఎన్నాళ్ళ తర్వాతో మనుషుల రంగులో ఉన్నాయి.

చిలక చేతులు జోడించి రోబోకి దండం పెట్టింది. “అల్లుడు గారూ, మీ కంట్లో నలుసు పడబట్టి బతికాం.”

అందరూ నవ్వారు, పెద్దక్క తప్ప. ఆమె చూపు గొట్టాల మీద అంటించిన చీటీల మీద ఉంది. ‘రోబో లెన్సు రక్షణ సామగ్రి’ అని ఉంది ఒక్కొక్క దాని మీద.

ఆ సాయంత్రం బస్సులో వదినామరదళ్ళు పక్కపక్కన కూర్చున్నారు. ఆడపడుచు మెచ్చుకోలు కోసం ఎదురుచూసినట్టుంది. పెద్దక్క కిటికీలోంచి చూస్తూ, లెన్సు మీద అంత దుమ్ము నిజంగానే పడిందా అని అడిగింది.

“పడింది. కానీ గుడ్డతో తుడిస్తే పోయేంతే,” అంది ఆడపడుచు. “మామూలుగా అయితే తుడిచేసి ఊరుకుంటాను.”

“మరి మా పేరు చెప్పి ఎందుకు ఆపలేదు?”

“మీ పేరు చెప్తే ఎవరు వింటారు వదినా? ఎన్నిసార్లు అడిగావు నువ్వు? ఆ అద్దం పేరు చెప్తే లారీ వచ్చింది. కావలసింది గొట్టాలా, గొడవా?”

“రెండూ,” అంది పెద్దక్క. “రేపు ఆ అద్దానికి దుమ్ము పట్టని కొత్తరకం మర తెస్తారు. అప్పుడు ఈ గొట్టాలు పీకేస్తారు. చీటీ మీద మా పేరు లేదు కదా, మేం ఏమని అడుగుతాం?”

ఆడపడుచు అంత దూరం ఆలోచించలేదు. తను చేసింది మంచిపనే అని ఇంకా అనిపిస్తోంది. వదిన అన్నదీ కాదనలేకపోతోంది.

ఆ తర్వాత పండగలా వచ్చి పడింది పెద్దవాళ్ళ సందర్శన. చైర్మన్ వస్తున్నాడు. రంగు కోసం విమానాలు అప్పగించిన కంపెనీ తరపున కొందరు వస్తున్నారు. వీడియో తీస్తారు. షెడ్డు గోడ మీద ‘మనిషి కోసమే మర’ అని పెద్ద అక్షరాలు రాయించారు. రెక్క మొదట్లో చేతిపని కనబడకుండా నీలం రంగు ప్లాస్టిక్ తెర దించారు. మాట్లాడవలసిన కార్మికురాలిగా పెద్దక్కను ఎంచుకున్నారు. ఇస్త్రీ సారే వచ్చి, ఆమె కొలతలకు కుట్టించిన ఎర్రటి కొత్త దుస్తులు ఇచ్చి, చెప్పవలసిన మాటలు నేర్పించాడు. రోబో వచ్చాక మా ఊపిరికి భరోసా వచ్చింది, యాజమాన్యం మమ్మల్ని కన్నబిడ్డల్లా చూసుకుంటోంది. ఇంతే. చేతులు మాత్రం జేబుల్లో పెట్టుకోమన్నాడు. మచ్చలు కెమెరాలో బాగుండవట.

ఆమె సరేనంది. అంత తేలిగ్గా ఒప్పుకున్నందుకు ముఠావాళ్ళు ఆశ్చర్యపోయారు.

వీడియో మొదలైంది. కొత్తల్లుడు వంగి, లేచి, తన విద్యంతా చూపించాడు. చప్పట్లు కొట్టారు. పెద్దక్కను ముందుకు పిలిచారు. ఆమె జేబుల్లోంచి చేతులు తీసి, గొంతు సవరించుకుంది.

“నాకు రెండు మాటలు నేర్పించారు. బాగున్నాయి. కానీ అవి నావి కావు. ఈ రోబో మంచిది. దీని మీద నాకేం కోపం లేదు. దీనికి మొదటిరోజు నుంచీ దుమ్ము పీల్చే గొట్టం ఉంది. అదే దుమ్ము మేం పీల్చాం. మాకు గొట్టాలు అడిగితే వచ్చే ఏడాది అన్నారు. మా పిల్ల ముక్కులోంచి రక్తం వస్తే సెంటు మానేయమన్నారు. ఈమధ్య గొట్టాలు వచ్చాయి. ఎవరి కోసం వచ్చాయో వాటి మీదే రాసి ఉంది. ఆ తెర తీస్తే మీరే చదువుకోవచ్చు.”

ఇస్త్రీ సారు ముఖం మాడిపోయింది. నవ్వుతూ ముందుకొచ్చి, ఆమె కొంచెం ఆవేశంలో ఉన్నారని, కార్మికుల రక్షణ కోసమే తాము గొట్టాలు తెప్పించామని సర్దబోయాడు. అతిథుల్లో ఒక తెల్లజుట్టు ఆవిడ, విమానాల కంపెనీ మనిషి, అతని మాట పూర్తి కానివ్వలేదు. గాజు గది వైపు తిరిగి, మరను నడిపేది మీరే కదా, ఇది నిజమేనా అని ఆడపడుచును అడిగింది.

చూపులన్నీ అటు తిరిగాయి. అవునంటే తన ఉద్యోగం. కాదంటే వదిన అబద్ధాలకోరు. చైర్మన్ వైపు చూసింది, ఇస్త్రీ సారు వైపు చూసింది, వదిన వైపు మాత్రం చూడలేదు.

“నిజమేనండీ,” అంది. “లెన్సు మీద పడింది గుడ్డతో తుడిస్తే పోయే దుమ్ము. అయినా మర ఆపేశాను. మా వదిన మనుషుల కోసం అడిగితే ఒక్కటీ రాలేదు. నేను అద్దం కోసం అడిగితే వారంలో అన్నీ వచ్చాయి. అలా అడిగినందుకు నాకు సిగ్గుగా ఉంది.”

తెల్లజుట్టు ఆవిడ వెళ్ళి తెర తనే లాగింది. చీటీ చదివింది. చిలకను పిలిచి ఏదో అడిగింది. చిలక కొన్నాళ్ళుగా దాచుకున్న మాటలన్నీ ఒక్కసారి ఒలకబోసింది. ఆపడం ఎవరి తరమూ కాలేదు.

తర్వాత తెల్లజుట్టు ఆవిడ పట్టుబట్టడంతో బయటి నుంచి డాక్టరు వచ్చాడు. చిన్న దీపం పెట్టి అందరి ముక్కుల్లోకి, గొంతుల్లోకి చూశాడు. చిలక ముక్కులో పుండు పడిందన్నాడు. ఇంకొన్నాళ్ళు అలాగే పనిచేసి ఉంటే ముక్కు మధ్య గోడకు చిల్లు పడేదట. పుండు మానేదాకా ఆ పిల్లను దుమ్ములేని పనికి మార్చారు. పెద్దక్క ఊపిరితిత్తుల్లో బలం తగ్గిందని, అది పాత మందు వల్ల ఎప్పటి నుంచో జరుగుతున్నదని చెప్పాడు. గొట్టాల మీద చీటీలు మారాయి. మాస్కులు మారాయి.

అంతటితో న్యాయం జరిగిందనుకుంటే పొరపాటు. ఇస్త్రీ సారుకి ఇంకో ఊళ్ళో ఇంతకంటే పెద్ద షెడ్డు అప్పగించారు. పెద్దక్కకు క్రమశిక్షణ తప్పిందని హెచ్చరిక ఇచ్చారు. ఆడపడుచును రోబో దగ్గర్నుంచి తీసి స్టోరు గదిలో మేకులు లెక్కపెట్టుకోమన్నారు. మరెవరు నడిపినా కొత్తల్లుడు మొరాయించడంతో మళ్ళీ గాజు గదికి పిలిచారు. ఇక ఆ వీడియో. దాన్నీ విడుదల చేశారు. దర్జీ తన ఫోనులో పెట్టి చూపించాడు. పెద్దక్క నిలబడ్డ చోట, అవే ఎర్ర దుస్తుల్లో, ఆఫీసులో పనిచేసే అమ్మాయి ఎవరో నిలబడి, ఊపిరికి భరోసా వచ్చిందని తియ్యగా చెబుతోంది.

దర్జీ కళ్ళద్దాలు సవరించుకుని మళ్ళీ చూశాడు. “భుజాల దగ్గర కుదరనే లేదు ఆ పిల్లకి. నీ కొలతలకి కుట్టినవి కదా.”

ఆడపడుచు పకపకా నవ్వింది. పెద్దక్కకు కూడా నవ్వొచ్చింది. కాసేపయ్యాక ఆడపడుచు మెల్లగా అడిగింది, ఇంకా కోపంగా ఉందా అని.

“నీ మీదా? ఆరోజే పోయింది,” అంది పెద్దక్క. “మిగతాది ఉండనీ. దానితో పని ఉంది.”

ఆ పనేమిటో మర్నాడు తెలిసింది. ఆమె కొత్త మేనేజరు గదికి వెళ్ళి, తనకంటే ముందు ఆ షెడ్డులో మందు పూసి, గీకి, పదవీ విరమణ చేసి ఇళ్ళలో దగ్గుతూ కూర్చున్నవాళ్ళు ఉన్నారని, ఆ డాక్టరు చేత వాళ్ళకూ పరీక్షలు చేయించాలని అడిగింది. కొత్త మేనేజరు మర్యాదస్తుడే. వాళ్ళు ఇప్పుడు కంపెనీ మనుషులు కారు కదమ్మా, అని నొచ్చుకుంటూ చెప్పాడు.

పెద్దక్క గోడవారగా ఉన్న స్టూలు లాక్కుని, అతని బల్లకు ఎదురుగా వేసుకుని కూర్చుంది.

“మీ పని మీరు చేసుకోండి సార్. నేను కూర్చుంటాను.”

కాసేపటికి తలుపు తోసుకుని చిలక వచ్చింది. స్టూలు ఇంకొకటి లేకపోవడంతో కిందే చతికిలబడింది. ఆ వెనక ముఠాలో మిగతావాళ్ళు, మంచం పట్టిన అత్తగారు ఉన్నామెతో సహా, ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు. మేనేజరు కిటికీలోంచి షెడ్డు వైపు చూశాడు. గాజు గదిలో దీపం ఆరిపోయింది. ఆడపడుచు తలుపుకు తాళం వేసి, ఇటే నడిచి వస్తోంది.